లేజరు సంలీనం: మన కరెంటు యూనిట్లలో అసలు లెక్క

2022 డిసెంబరు 5, అర్ధరాత్రి దాటి ఒంటిగంట వేళ. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, లివర్‌మోర్ ప్రయోగశాలలో ఆవగింజంత గుళిక కోసం 192 లేజరు కిరణాలు ఒకేసారి బయల్దేరాయి. ఆ కిరణాలు మోసుకెళ్లిన శక్తి 2.05 మెగాజౌళ్లు. గుళికలోని ఇంధనం మండి ఇచ్చిన శక్తి 3.15 మెగాజౌళ్లు. పెట్టినదానికంటే ఎక్కువ వచ్చింది. ప్రయోగశాలలో జరిపిన కేంద్రక సంలీనంలో ఇలా జరగడం ప్రపంచంలో అదే మొదలు. డిసెంబరు 13న అమెరికా ఇంధన శాఖ ఈ సంగతి ప్రకటించగానే, ఇక అంతులేని కరెంటు వచ్చేసినట్టే అన్న ధోరణిలో వార్తలు వెల్లువెత్తాయి.

కొల్లేరు చుట్టుపక్కల కరెంటు విలువ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు పడిపోయే వేళ ఏరియేటర్ ఆగితే రొయ్యల చెరువు ఏమవుతుందో కైకలూరు, ఆకివీడు, గణపవరం రైతులకు బాగా తెలుసు. అలాంటి చోట ‘అంతులేని కరెంటు’ అన్న మాట వినపడితే ఆశ పుట్టడం సహజం. ఆ ఆశలో నిజమెంతో, ఇంకా నడవాల్సిన దూరమెంతో లెక్క వేసి చూద్దాం.

మెగాజౌల్ మన ఇళ్లలో వాడే కొలత కాదు. మన బిల్లు మీద ఉండేది యూనిట్. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. రెండు హెచ్‌పీ ఏరియేటర్ గంటసేపు తిరిగితే సుమారు ఒకటిన్నర యూనిట్లు కాలుస్తుంది. ఇకపై పెద్ద అంకె ఏది వచ్చినా ఈ యూనిట్లలోకే మార్చి చూద్దాం.

అసలు అక్కడ ఏం చేశారు?

కేంద్రక సంలీనం అంటే రెండు చిన్న పరమాణు కేంద్రకాలు ఒకటిగా కలిసిపోవడం. సూర్యుడు వెలిగేది ఇలాగే. ప్రయోగశాలలో వాడేది హైడ్రోజన్‌లోని రెండు బరువైన రకాలు. ఒకటి డ్యుటీరియం, దాని కేంద్రకంలో ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ ఉంటాయి. రెండోది ట్రిటియం, దానిలో ఇంకో న్యూట్రాన్ అదనం. ఈ రెండూ కలిస్తే హీలియం పుట్టి, ఒక న్యూట్రాన్ బయటికి దూసుకొస్తుంది. ఆ కలయికలో కాస్త బరువు తగ్గుతుంది. తగ్గిన బరువే శక్తిగా మారుతుంది.

ఆ శక్తి ఎంత? ఈ మిశ్రమం ఒక్క గ్రాము పూర్తిగా మండితే సుమారు 94,000 యూనిట్ల వేడి వస్తుంది. అంత వేడి రావాలంటే మన బొగ్గు దాదాపు 20 టన్నులు కాల్చాలి. ఇంధనం అంత గట్టిది కాబట్టే ఇన్ని దేశాలు ఇన్ని దశాబ్దాలుగా దీని వెంట పడ్డాయి.

కేంద్రకాలన్నీ ధనావేశం గలవి, దగ్గరికి వస్తే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆ నెట్టుడును దాటించాలంటే విపరీతమైన వేగంతో ఢీకొట్టించాలి, అంటే విపరీతంగా వేడెక్కించాలి. సూర్యుడి నడిబొడ్డున ఉష్ణోగ్రత సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. లివర్‌మోర్‌లో 10 కోట్ల డిగ్రీలు దాటించాల్సి వచ్చింది. సూర్యుడికి కోట్ల ఏళ్ల సమయం, అంతులేని బరువు ఉన్నాయి. ప్రయోగశాలలో చేతికి దొరికే వ్యవధి సెకనులో వెయ్యి కోట్లవ వంతు. అందుకే అంత అదనపు వేడి కావాలి.

ఇక్కడ ఎవరికైనా వచ్చే సందేహం: పది కోట్ల డిగ్రీల వేడిని ఏ పాత్రలో పెడతారు? ఏ పాత్రలోనూ పెట్టరు. ఇంధనాన్ని నలువైపుల నుంచీ ఒక్క పెట్టున నొక్కేస్తారు. అది తిరిగి విచ్చుకుని చెదిరిపోవడానికి, ఎంత తక్కువైనా, కొంత సమయం పడుతుంది. కదలకుండా ఉన్న వస్తువు కదలడానికి మొరాయించే గుణాన్ని జడత్వం అంటాం కదా, ఇంధనాన్ని ఆ క్షణంపాటు పట్టి ఉంచేది దాని జడత్వమే. ఆలోగా మంట అంటుకుని వ్యాపించాలి. దీన్నే ‘జడత్వ బంధన సంలీనం’ అంటారు.

ఇప్పుడు గుళికను దగ్గరగా చూద్దాం. అడ్డం 2 మిల్లీమీటర్లు. పెంకు కృత్రిమ వజ్రం, వెంట్రుక మందమంత. పెంకు లోపలి గోడకు అంటి డ్యుటీరియం, ట్రిటియం మంచు పొర, సున్నాకు దిగువన 250 డిగ్రీల పైచిలుకు చలిలో గడ్డకట్టి ఉంటుంది. ఇంధనం బరువు మిల్లీగ్రాములో ఐదో వంతు. దాన్ని నింపడానికి పెంకుకు రెండు మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో అయిదు వందలో వంతు, సన్నటి గొట్టం అతికిస్తారు. ఈ గుళిక సెంటీమీటరు పొడవున్న బంగారు డబ్బీ మధ్యలో, కంటికి ఆనని పలుచటి పొరల ఆధారంతో నిలబడుతుంది.

లేజరు కిరణాలు గుళికను నేరుగా తాకవు. డబ్బీకి రెండు చివర్ల ఉన్న రంధ్రాల్లోంచి దూరి బంగారు గోడలను కాలుస్తాయి. ఆ గోడల నుంచి ఎక్స్ కిరణాలు పుట్టి గుళికను అన్ని వైపులా కమ్ముకుంటాయి. పెంకు పైభాగం ఆవిరై బయటికి చిమ్ముతుంది, ఆ తోపుడుకు మిగతా భాగం లోపలికి కుంగుతుంది. కుంగే వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి ఉన్న 50 కిలోమీటర్లు దాటడానికి ఆ వేగంతో సెకనులో ఎనిమిదో వంతు చాలు.

పెట్టిన దానికంటే ఎక్కువ వచ్చిందన్నది నిజమేనా?

నిజమే. అయితే ఎక్కడ కొలిచారన్నది చూడాలి. లేజరు కాంతిగా డబ్బీలోకి వెళ్లింది 2.05 మెగాజౌళ్లు, అంటే 0.57 యూనిట్లు. వచ్చింది 0.88 యూనిట్ల వేడి. మిగులు యూనిట్‌లో మూడో వంతు కంటే తక్కువ. ఏరియేటర్ లెక్కలో అది 12 నిమిషాలు.

ఆ 0.57 యూనిట్ల లేజరు కాంతిని తయారు చేయడానికి కరెంటు లైన్ నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌళ్లు, అంటే 83 యూనిట్లు. మీటరు దగ్గర 83 యూనిట్లు ఖర్చు పెట్టి, గుళిక దగ్గర ఒక యూనిట్ కూడా నిండని వేడి రాబట్టారన్న మాట. కరెంటు కేంద్రంగా చూస్తే ఇది నష్టం. విజ్ఞానశాస్త్ర ప్రయోగంగా చూస్తే గొప్ప విజయం. సంలీన మంట తనను తాను పెంచుకుంటూ, పెట్టిన కాంతి శక్తిని మించగలదన్నది ప్రయోగశాలల్లో అంతకుముందు కాగితం మీదే ఉండేది. ఆ రాత్రి అది కళ్ల ముందు జరిగింది. ఈ దశను శాస్త్రవేత్తలు ‘జ్వలనం’ అంటారు, అంటే మంట అంటుకోవడం.

అర యూనిట్‌కే అంత పెద్ద యంత్రం ఎందుకన్న అనుమానం రావచ్చు. ఎంత శక్తి అన్నది ఒక లెక్క, ఎంత త్వరగా అందిందన్నది ఇంకో లెక్క. ఆ అర యూనిట్ సెకనులో కొన్ని కోట్ల వంతుల వ్యవధిలో దిగాలి. ఆ క్షణంలో ఈ యంత్రం గరిష్ఠంగా 500 టెరావాట్ల జోరుతో కాంతిని పంపగలదు. 2025లో మన దేశంలోని అన్ని విద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యం 500 గిగావాట్లు దాటింది. దానికి వెయ్యి రెట్లు ఆ జోరు. కాకపోతే ఉండేది రెప్పపాటులో కోట్ల వంతు మాత్రమే.

ఇక్కడికి రావడానికి అరవై ఏళ్లు ఎందుకు పట్టింది?

మొదటి లేజరు వెలిగింది 1960 మేలో. లేజరుతో చిన్న గుళికను నొక్కి సంలీనం సాధించవచ్చని లివర్‌మోర్ శాస్త్రవేత్త జాన్ నకోల్స్, ఆయన సహచరులు 1972లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆ తర్వాత ఒకదాన్ని మించి ఒకటిగా లేజర్లు కట్టారు. 1977లో 20 కిరణాలతో వచ్చిన యంత్రానికి అనేక భుజాలున్న శివుడి పేరే పెట్టారు. 1984లో ‘నోవా’ వచ్చింది. ఇప్పటి యంత్రం, నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ, 1997లో మొదలై 2009లో పూర్తయింది. ఖర్చు 350 కోట్ల డాలర్లు, ఇప్పటి మారకంలో సుమారు 30,000 కోట్ల రూపాయలు.

కట్టగానే మంట అంటుకోలేదు. 2012 సెప్టెంబరుకల్లా జ్వలనం సాధిస్తామన్న గడువు దాటిపోయింది. అప్పటికి వచ్చింది యూనిట్‌లో వెయ్యో వంతు కూడా కాదు. 2018కి యూనిట్‌లో 65వ వంతు. 2021 ఆగస్టు 8న ఒక్కసారిగా 1.3 మెగాజౌళ్లు, అంటే యూనిట్‌లో మూడో వంతు దాటింది. ఆ తర్వాత అదే ప్రయోగం మళ్లీ చేస్తే సగం దాకా రావడమే గగనమైంది.

కారణం గుళికలోనే ఉంది. 2 మిల్లీమీటర్ల గోళం వెంట్రుక మందానికి దగ్గరగా కుదించుకుపోవాలంటే అన్ని వైపులా ఒత్తిడి ఒక శాతం తేడా కూడా లేకుండా పడాలి. పెంకులో కంటికి కనిపించని చిన్న గుంట, చిన్న మలినం ఉన్నా అక్కడి పదార్థం సన్నటి పాయగా లోపలికి చొరబడి మంటను చల్లారుస్తుంది. ఇంధనం నింపే గొట్టం కూడా ఇలాంటి మచ్చే. అందుకే దాన్ని పది మైక్రాన్ల నుంచి అయిదుకు, అయిదు నుంచి రెండుకు సన్నం చేశారు. 2022 విజయానికి ముందు పెంకును కాస్త మందం చేసి, లేజరు శక్తిని 8 శాతం పెంచారు.

రెండో ఇబ్బంది లేజరు కాంతితోనే వచ్చింది. అక్కడ మన ప్రాంతానికి చెందిన ఒక పేరు గుర్తుకు వస్తుంది. 2022లో ఏలూరు జిల్లాలో కలిసిన ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, 1928లో కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర చేరారు. కాంతి ఒక పదార్థంలోంచి వెళ్తూ చెదిరినప్పుడు దాని రంగు ఎలా మారుతుందన్నదే అక్కడి పరిశోధన. ఆ చెదరడాన్నే పరిక్షేపణం అంటాం. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఆచార్యుడిగా ఉంటూ భగవంతం ఈ విషయం మీద రాసిన ఆంగ్ల గ్రంథం 1940లో వెలువడింది. తర్వాతి కాలంలో ఆయన రక్షణ పరిశోధనకు నాయకత్వం వహించారు.

లేజరు సంలీనాన్ని ఏళ్ల తరబడి సతాయించింది ఈ పరిక్షేపణమే, కాకపోతే మరింత ఉద్ధృతమైన రూపంలో. బంగారు డబ్బీలోని వాయువు లేజరు తాకిడికి ప్లాస్మాగా, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి ఆవిరిగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్ల అలలతో జతకట్టి లేజరు కాంతి రంగు మార్చుకుని వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. తొలి ఏళ్లలో పది, పదిహేను శాతం శక్తి ఇలా వృథాగా పోయింది. డబ్బీలో వాయువు బాగా తగ్గించాక ఆ నష్టం అదుపులోకి వచ్చింది.

2022 తర్వాత ఏమైంది?

అది గాలివాటు గెలుపు కాదని తేలింది. 2023 జులై 30న 3.88 మెగాజౌళ్లు. 2024 ఫిబ్రవరిలో 5.2. 2025 ఏప్రిల్ 7న 2.08 మెగాజౌళ్లు పెడితే 8.6 వచ్చాయి. అంటే 0.58 యూనిట్లకు 2.4 యూనిట్లు, నాలుగు రెట్లు. రెండున్నరేళ్లలో దిగుబడి దాదాపు మూడు రెట్లయింది. ఏరియేటర్ లెక్కలో మంట ఇచ్చిన వేడి 35 నిమిషాల నుంచి గంటన్నరకు పెరిగింది. మీటరు దగ్గరి ఖర్చు మాత్రం అదే 83 యూనిట్లు.

కరెంటు కేంద్రం కావాలంటే ఎంత రావాలి?

ఒక ఊహా కేంద్రం లెక్క వేద్దాం. లేజరు ఇప్పటిలాగే 2 మెగాజౌళ్లు ఇస్తుందనుకుందాం. గుళిక దానికి వంద రెట్లు, అంటే 200 మెగాజౌళ్లు తిరిగి ఇవ్వాలి. అది 55 యూనిట్ల వేడి. వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైన్ తిప్పితే అందులో 40 శాతమే కరెంటు అవుతుంది కాబట్టి 22 యూనిట్లు. లేజరు పది శాతం సామర్థ్యంతో పనిచేస్తే దానికే దాదాపు ఐదున్నర యూనిట్లు వెనక్కి ఇవ్వాలి. లైన్‌లోకి వెళ్లేది 16, 17 యూనిట్లు. సెకనుకు పది గుళికలు మండిస్తే ఇది 600 మెగావాట్ల కేంద్రం అవుతుంది.

ఈ లెక్కలో మూడు షరతులు దాగి ఉన్నాయి. ఇప్పుడు నాలుగు రెట్లున్న దిగుబడి వంద రెట్లకు చేరాలి. ఇప్పుడు ఒక శాతం లోపున్న లేజరు సామర్థ్యం పది శాతానికి రావాలి. ఇప్పుడు రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే కొట్టే యంత్రం సెకనుకు పదిసార్లు కొట్టాలి.

దిగుబడి వంద రెట్లు కావడం అసాధ్యమేమీ కాదు. 2022 డిసెంబరులో గుళికలోని ఇంధనంలో మండింది సుమారు నాలుగు శాతమే. 2 మిల్లీగ్రాముల గుళికలో 30 శాతం మండించగలిగితే 200 మెగాజౌళ్లు వస్తాయి. బంగారు డబ్బీ పద్ధతిలో లేజరు శక్తిలో ఎనిమిదో వంతే గుళికకు చేరుతుంది. డబ్బీ లేకుండా గుళిక మీదే నేరుగా కాంతి పడేలా చేస్తే ఎక్కువ చేరుతుంది. అప్పుడు కాంతి సమంగా పడటం మరింత కష్టమవుతుంది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం 60 కిరణాల ఒమేగా లేజరుతో ఈ దారిలో పనిచేస్తోంది.

లేజరు ఎందుకు అంత వృథా చేస్తుంది?

లివర్‌మోర్ లేజరులో 7,680 ఫ్లాష్ దీపాలు పెద్ద పెద్ద గాజు పలకలకు వెలుగునిస్తాయి. ఆ పలకలు పీల్చుకున్న శక్తిని లేజరు కిరణం తీసుకుని బలపడుతుంది. దీపాల వెలుగులో ఎక్కువ భాగం పలకలకు పనికిరాని రంగుల్లో ఉండి వేడిగా పోతుంది. వేడెక్కిన గాజు చల్లారడానికి గంటలు పడుతుంది. అందుకే సామర్థ్యమూ తక్కువే, వేగమూ తక్కువే. ఇది 1990ల నాటి సాంకేతికత. కరెంటు ఆదా కోసం కట్టిన యంత్రం కాదిది.

దీనికి మందు ఇప్పటికే చేతిలో ఉంది. ఫ్లాష్ దీపాల బదులు, గాజుకు కావలసిన రంగు కాంతినే ఇచ్చే అర్ధవాహక డయోడ్లు పెడితే వృథా బాగా తగ్గుతుంది. బ్రిటన్‌లో తయారై చెక్ రిపబ్లిక్‌లో నెలకొన్న ఒక డయోడ్ లేజరు 2016లోనే సెకనుకు పదిసార్లు, ఒక్కోసారి 100 జౌళ్ల కాంతి ఇచ్చింది. వేగం సరిపోయింది, పరిమాణమే చాలదు. 2 మెగాజౌళ్లు కావాలంటే అలాంటివి 20,000 ఉండాలి. డయోడ్ల ధర ఎంత త్వరగా పడిపోతుందన్నదాని మీద ఈ దారి ఆధారపడి ఉంది.

గుళిక ధర ఎంతలో ఉండాలి?

ఒక్కో గుళిక 16 యూనిట్ల కరెంటు మిగిలిస్తే, యూనిట్ 5 రూపాయల చొప్పున చేతికి వచ్చేది 80 రూపాయలు. కేంద్రం కట్టడానికి చేసిన అప్పు, వడ్డీ, జీతాలు, మరమ్మతులు అన్నీ అందులోంచే. గుళికకు మహా అయితే 20 రూపాయలు కేటాయించగలం. ఆ 20 రూపాయలకు గుండ్రదనంలో ఏ లోపమూ లేని, లోపల మంచు సమంగా పరుచుకున్న గుళిక కావాలి. అలాంటివి రోజుకు 8,64,000 కావాలి.

ఇప్పుడు ఒక్కో వజ్రపు పెంకు పెంచి, మెరుగుపెట్టి, పరీక్షించి సిద్ధం చేయడానికి నెలలు పడుతోంది. ఖర్చు వేల డాలర్లలో ఉంది. కేంద్రంలోనైతే గుళికను ఆధారం మీద నిలబెట్టే తీరిక కూడా ఉండదు. వేడి గదిలోకి మంచు కరగకముందే విసిరి, గాలిలో ఉండగానే కిరణాలన్నీ దాన్ని తాకాలి. ముందు గుళిక శిథిలాలు సెకనులో పదో వంతులో తొలగిపోవాలి. లేజరు గురించి వార్తల్లో ఎక్కువ కనిపిస్తుంది కానీ, ఈ మార్గంలో అన్నిటికంటే గట్టి చిక్కు ఈ గుళికల తయారీయే అని నా అభిప్రాయం.

ఇంధనం నీళ్లలోనే ఉందంటారు కదా?

సగం నిజం. నీటిలోని హైడ్రోజన్‌లో సుమారు 6,400 పరమాణువులకు ఒకటి డ్యుటీరియం. ఘనపు మీటరు నీటిలో 33 గ్రాములు. పైన చెప్పుకున్న 600 మెగావాట్ల కేంద్రం ఏడాదంతా ఆగకుండా నడిస్తే 75 కిలోల డ్యుటీరియం మండుతుంది. అది మొత్తంగా తీయగలిగితే 2,300 ఘనపు మీటర్ల నీరు చాలు. ఎకరం రొయ్యల చెరువులో ఐదడుగుల నీరుంటే 6,000 ఘనపు మీటర్లు దాటుతుంది. అందులో సగం కూడా అక్కర్లేదు.

డ్యుటీరియం తీయడం మనకు కొత్త కాదు. తెలంగాణలోని మణుగూరు దగ్గర 1991 నుంచి పనిచేస్తున్న భారజల కర్మాగారం గోదావరి నీటి నుంచే దాన్ని వేరు చేస్తుంది. భారజలం అంటే మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీరు, అణు రియాక్టర్లలో వాడతారు. అక్కడి నుంచి కిందికి పారే గోదావరే ధవళేశ్వరం దగ్గర కాలువలకెక్కి తాడేపల్లిగూడెం పొలాలను తడుపుతుంది. మణుగూరు వార్షిక సామర్థ్యం 185 టన్నుల భారజలం. మన ఊహా కేంద్రానికి ఏడాదికి కావలసింది 375 కిలోలు. అలాంటి నాలుగు వందల పైచిలుకు కేంద్రాలకు ఆ ఒక్క కర్మాగారం సరిపోతుంది.

రెండో సగం ట్రిటియం. అది ప్రకృతిలో దాదాపు దొరకదు. రేడియోధార్మికత వల్ల 12.3 ఏళ్లలో సగం కరిగిపోతుంది. ప్రపంచంలో పౌర అవసరాలకు అందుబాటులో ఉన్నది పాతిక, ముప్పై కిలోలని అంచనా. మన కేంద్రానికి ఏడాదికి కావలసింది 110 కిలోలు. కాబట్టి ఏ కేంద్రానికి ఆ కేంద్రమే దాన్ని తయారు చేసుకోవాలి. సంలీనంలో వచ్చే న్యూట్రాన్ లిథియంను తాకితే ట్రిటియం పుడుతుంది. ఒక ట్రిటియం మండితే ఒక న్యూట్రానే వస్తుంది, అలా వచ్చిన వాటిలో కొన్ని గోడల్లో పోతాయి. అందుకే సీసం, బెరీలియం వంటి వాటితో న్యూట్రాన్ల సంఖ్య పెంచాలి. ఈ వలయం పూర్తిగా నడిచి చూపిన కేంద్రం ఇంతవరకు ప్రపంచంలో ఎక్కడా లేదు.

పేలిపోతుందా? వ్యర్థాల సంగతేమిటి?

యురేనియం రియాక్టర్‌లో గొలుసు చర్య ఉంటుంది, అదుపు తప్పే అవకాశముంటుంది. ఇక్కడ ఏ గుళిక మంట ఆ గుళికదే. లేజరు ఆగితే తర్వాతి మంట లేదు. వేల ఏళ్లు దాచాల్సిన కాలిన ఇంధనమూ మిగలదు. అలాగని ప్రమాదం శూన్యమనడం తప్పు. శక్తిలో 80 శాతం మోసుకెళ్లే న్యూట్రాన్లు గది గోడలను పెళుసుగా మార్చి రేడియోధార్మికం చేస్తాయి. ట్రిటియం నీటిలో తేలిగ్గా కలిసిపోతుంది కాబట్టి చుక్క లీకు కాకుండా చూడాలి. చేపలు, రొయ్యలు, పక్షులు, తాగునీరు ఒకే నీటి మీద ఆధారపడ్డ కొల్లేరు లాంటి చోట ఇది అడిగి తీరాల్సిన ప్రశ్న.

ఇంకో సంగతీ దాచకూడదు. లివర్‌మోర్ యంత్రాన్ని అమెరికా ప్రధానంగా కరెంటు కోసం కట్టలేదు. 1992లో అణు పరీక్షలు ఆపేశాక, తన ఆయుధాల పరిస్థితిని పరీక్షలు లేకుండానే అర్థం చేసుకోవడానికి కట్టింది. కరెంటు కోసమే పరిశోధన అన్నది ఆలస్యంగా ఊపందుకుంది. 2023 డిసెంబరులో అమెరికా ఇంధన శాఖ ఇందుకోసం 4.2 కోట్ల డాలర్లతో మూడు పరిశోధన కూటములను ఏర్పాటు చేసింది. జర్మనీ మూలాలున్న ఫోకస్డ్ ఎనర్జీ, మార్వెల్ ఫ్యూజన్, అమెరికాలోని ఎక్సైమర్ వంటి ప్రైవేటు సంస్థలూ రంగంలో ఉన్నాయి.

మన దేశం ఎక్కడుంది?

సంలీనంలో మన ప్రధాన పెట్టుబడి మరో దారిలో ఉంది. అయస్కాంతాలతో ప్లాస్మాను పట్టి ఉంచే పద్ధతి అది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ, ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే సంలీన యంత్రంలో మన భాగస్వామ్యం ఆ దారిలోవే. లేజరు వైపు ఇందోర్‌లోని రాజా రామన్న కేంద్రం, ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ చాలాకాలంగా పనిచేస్తున్నాయి. ఆ టాటా సంస్థకే హైదరాబాద్‌లో ఉన్న ప్రాంగణంలో మైక్రాన్లలో కొలిచే సన్నటి ద్రవ బిందువుల మీద తీవ్రమైన లేజరును ప్రయోగించి ఎలక్ట్రాన్లు ఎలా వేగం పుంజుకుంటాయో పరిశీలిస్తున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ లేజరు తాకిడి పరిశోధనలు సాగుతున్నాయి. ఇవన్నీ మౌలిక పరిశోధనలు. గుళికను జ్వలింపజేసే స్థాయి లేజరు మన దేశంలో లేదు.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అక్కడ లోహ, పదార్థ శాస్త్రమో, ఎలక్ట్రికల్ ఇంజినీరింగో చదివే విద్యార్థి ఈ రంగంలోకి రావాలంటే అణు భౌతికమే చదవనక్కర్లేదు. న్యూట్రాన్ల దెబ్బ తట్టుకునే గోడలు, డయోడ్లు, లక్షల గుళికలను క్షణాల్లో తనిఖీ చేసే యంత్రాలు, ట్రిటియం లీకు కాని కవాటాలు ఇప్పుడు కావాలి. అసలు కొరత అక్కడే ఉంది.

మరి ఎప్పుడొస్తుంది?

ఫలానా ఏడాది అని తేదీ చెప్పేవారిని నాలుగు ప్రశ్నలు అడగండి. మీరు చెప్పే లాభం గుళిక దగ్గర కొలిచారా, మీటరు దగ్గరా? సెకనుకు ఎన్నిసార్లు, ఎన్ని గంటలు ఆగకుండా కొట్టారు? ఒక్కో గుళిక ఎంతకు తయారైంది? మండిన ట్రిటియంను తిరిగి పుట్టించారా? నాలుగింటికీ కొలిచిన అంకెలతో జవాబు వచ్చిన రోజున కరెంటు కేంద్రం గురించి మాట్లాడుకోవచ్చు. 2022లో తేలింది వీటికి ముందుండే ప్రశ్న ఒక్కటే: మంట అంటుకుంటుందా? అంటుకుంటుందని రుజువైంది.

అందుకని ఈలోగా చెరువు గట్టు మీద సోలార్ పలకలు పెట్టాలనుకునేవారు ఆగనక్కర్లేదు, సంలీనం మీద ఖర్చు దండగని కొట్టిపారేయనూ అక్కర్లేదు. యూనిట్‌లో వెయ్యో వంతు నుంచి రెండు యూనిట్లు దాటడానికి పదమూడేళ్లు పట్టింది. ఇక మంట ఇచ్చే ఆ 2.4 యూనిట్లు 55 కావాలి, మీటరు దగ్గరి ఆ 83 ఐదున్నరకు దిగాలి. ఈసారి వార్తల్లో కొత్త రికార్డు కనిపించినప్పుడు ఈ రెండు అంకెల్లో ఏది ఎంత కదిలిందో చూడండి. ఆ వార్త విలువెంతో మీరే తేల్చుకోగలరు.